ఘర్షణ ఎంత పెడదాం?

మా పెదనాన్నగారింట్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ ఒకటుండేది. కన్సోల్ అనే మాట మాకెవరికీ తెలీదు. అది ఫామికామ్ అనే జపాన్ యంత్రానికి నకలని అసలే తెలీదు. ఒకే క్యాసెట్‌లో బోలెడన్ని ఆటలు. మారియో, కాంట్రా అన్నయ్యలవి. వాళ్ళు అన్నానికి లేచినప్పుడు నాకు మిగిలేది ‘లూనార్ బాల్’. బిలియర్డ్స్ ఆట.

ఆట మొదలయ్యే ముందు ‘ఫ్రిక్షన్’ అనే మాట, పక్కన ఒక అంకె కనిపించేవి. ఆ అంకెని మనమే మార్చుకోవచ్చు. బాగా తగ్గిస్తే బంతులు ఎంతకీ ఆగేవి కావు. పెంచితే రెండడుగులేసి చతికిలబడేవి. స్కూల్లో ‘ఘర్షణ’ పాఠం ఇంకా రాలేదు, మాకు ఘర్షణంటే సినిమా పేరు. కానీ క్యారమ్స్ తెలుసు. బోర్డు మీద పౌడర్ ఎక్కువ చల్లితే స్ట్రైకర్ ఎలా జారుతుందో తెలుసు. ఈ అంకె కూడా ఆ పౌడరే అనుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఆ ఆట వెనకున్న కథ వెతుక్కుంటూ వెళ్ళాను. కంప్యూటర్‌కి బిలియర్డ్స్ నేర్పడం చాలా పాత సరదా. 1954లోనే మిషిగన్ విశ్వవిద్యాలయంలో మిడ్‌శాక్ అనే కంప్యూటర్ మీద విలియం బ్రౌన్, టెడ్ లూయిస్ పూల్ ఆట రాశారు. సైనిక అవసరాల కోసం కట్టిన యంత్రం అది. దాని సత్తా చూపించడానికి బంతులాట కావలసొచ్చింది! నిజానికి అది సరైన పరీక్షే. బంతులన్నీ ఒకేసారి కదులుతాయి, ఢీకొంటాయి, ఏ ఒక్క లెక్క తప్పినా చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

ఆ ఆట ఇంట్లోకి రావాలంటే యంత్రం చిన్నదవ్వాలి, చవకవ్వాలి. అసలు కష్టం అక్కడే. అటారి 2600లో ఉన్న ర్యామ్ 128 బైట్లు. ఈ వ్యాసంలో రెండు వాక్యాలకి కూడా చాలదు. దాని మీద కూడా 1982లో ఇమాజిక్ సంస్థ ‘ట్రిక్ షాట్’ తెచ్చింది. ఫామికామ్ కాస్త నయం: 2 కిలోబైట్లు. కానీ దాని ప్రాసెసర్‌కి గుణకారం రాదు, భాగహారం రాదు, దశాంశాలూ రావు. వచ్చిందల్లా కూడిక, తీసివేత, బిట్లని పక్కకి జరపడం. పైగా తెర మీద ఒక అడ్డగీతలో కదిలే బొమ్మలు ఎనిమిదికి మించి చూపించలేదు. తొమ్మిదోది మాయమైపోతుంది.

ఇప్పుడు ఆటలోని లెక్క చూడండి. సమానమైన బరువున్న రెండు బంతులు సూటిగా ఢీకొంటే మొదటిది ఆగిపోతుంది, రెండోది దాని వేగమంతా తీసుకుపోతుంది. ఓరగా తగిలితే దాదాపు లంబకోణంలో విడిపోతాయి. (క్యారమ్స్‌లో స్ట్రైకర్ బరువెక్కువ కనక ఇలా జరగదు.) ఓరగా తగిలిన ప్రతిసారీ వేగాన్ని రెండు దిశలుగా విడగొట్టాలి, అంటే గుణకారాలు చెయ్యాలి. గుణకారం రాని చిప్ చేత ఆ పని చేయించాలంటే కూడికల మీద కూడికలు పేర్చాలి, లేదా ముందే కట్టిపెట్టుకున్న పట్టికల్లో వెతకాలి.

1985లో హిరోషిమాకి చెందిన కంపైల్ అనే చిన్న కంపెనీ ఆ పని చేసి చూపించింది. అమెరికాలో ‘లూనార్ పూల్’ అన్నారు. 60 బల్లలు, ఒక్కోటి ఒక్కో వింత ఆకారంలో. వరసగా మూడు దెబ్బల్లో ఒక్క బంతయినా పడకపోతే ఒక ప్రాణం పోతుంది. ఆ పక్క ఏడాదే డేటా ఈస్ట్ వాళ్ళ ‘సైడ్ పాకెట్’ ఆర్కేడ్‌లలోకి, తర్వాత ఇళ్ళలోకి వచ్చింది. అది బంతికి స్పిన్ ఇచ్చుకునే, అసలు బల్లని అనుకరించే ఆట. తర్వాత వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఆ దారే పట్టాయి. నిజం బల్లకి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప.

నాకు మాత్రం కంపైల్ అడిగిన ప్రశ్నే ఇష్టం. ‘ఇది నిజంలా ఉందా?’ అని కాదు, ‘నిజం కాస్త వేరేగా ఉంటే ఏమవుతుంది?’ అని. ప్రకృతి నియమాన్ని తీసి పిల్లాడి చేతిలో పెట్టింది, ఆడుకోమంది. ఇప్పటి ఫోన్ పూల్ గేముల్లో బంతి ఎటు పోతుందో ముందే గీత గీసి చూపిస్తారు. మనం ఊహించడానికి మిగిలేది తక్కువ.

ఇంతకీ ఆ క్యాసెట్ దొంగది. మాకు ఆట దొరికింది, చేసినవాళ్ళకి మా నుంచి ఒక్క పైసా వెళ్ళలేదు. కనీసం పేరు కూడా తెలుసుకోలేదు. నా కోడ్ ఎక్కడో నడుస్తుంటుంది, దాన్ని వాడేవాళ్ళకి నా పేరు తెలీదు. కానీ నాకు జీతం వస్తుంది. ‘పుయో పుయో’ని కూడా చేసిన ఆ కంపెనీ ఇప్పుడు లేదు. మన తరం వీడియో గేమ్ జ్ఞాపకాలన్నీ ఇలా పేర్లు చెరిపేసిన క్యాసెట్ల మీదే ఉన్నాయి. డబ్బు బాకీ ఎటూ తీర్చలేం. పేరయినా సరిగ్గా పలుకుదాం: కంపైల్, హిరోషిమా, 1985.

మొన్న సంక్రాంతికి పెదనాన్నగారింటికెళ్తే మా అన్నయ్య కొడుకు క్యారమ్ బోర్డు తుడుస్తూ, ‘‘బాబాయ్, పౌడర్ ఎంత వెయ్యను?’’ అన్నాడు.

నీ ఇష్టంరా అన్నాను.