'అమలాపురం' ఎన్ని అక్షరాలు? – వెబ్ సర్వర్ మూలసంకేత నిర్మాణ చరిత్రలో తెలుగు లిపి

ఉపోద్ఘాతం:
తాళపత్ర ప్రతుల నుండి ఒక కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ముందుగా మాతృక ఏది, ఏ లేఖకుడు ఎక్కడ పొరబడ్డాడు అని విచారిస్తాడు. అంతర్జాలంలో కనిపించే తెలుగు పాఠానికి కూడా అటువంటి మాతృక ఒకటి ఉంది. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ అనే నాలుగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల దొంతర మీద లెక్కలేనన్ని తెలుగు పుటలు నిలిచి ఉన్నాయి. ఈ నాలుగింటి మూలసంకేతాన్ని యంత్రంపై నిర్మించే క్రమంలో జరిగిన ఎంపికలు తెలుగు లిపిని ఎట్లా ప్రభావితం చేశాయో కోనసీమలోని మూడు ఊర్ల పేర్లు – అమలాపురం, రాజోలు, కొత్తపేట – ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అతుకుల నుండి అపాచీ దాకా:
1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ సాఫ్ట్‌వేరును అందరి ఆస్తిగా విడుదల చేసింది. ఆ తొలినాళ్లలో విరివిగా వాడిన సర్వర్‌ను అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏలో రాబ్ మెక్‌కూల్ రాశాడు. 1994లో ఆయన ఆ సంస్థను వీడటంతో ఆ పని ఆగిపోయింది. వాడుకదారులు ఎవరి దిద్దుబాట్లు వారు చేసుకోసాగారు. ఆ దిద్దుబాట్లను ఒకచోట చేర్చి 1995లో కొందరు వెలువరించినదే అపాచీ. ఒక ప్రతికి పలువురు లేఖకులు అంచుల్లో రాసిన సవరణలను కలిపి శుద్ధ ప్రతిని తయారుచేయడం వంటిదే ఇది. 1996 ఏప్రిల్ నాటికి నెట్‌క్రాఫ్ట్ సర్వేలో అపాచీ ప్రథమ స్థానానికి చేరింది. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ కూడా 1995లోనే వెలువడ్డాయి.

మూలసంకేతం నుండి నిర్మించడమంటే మూటను విప్పడం, 'కాన్ఫిగర్' ఆదేశంతో యంత్రంలో ఏమేమి ఉన్నాయో పరీక్షించి ఏ అంగాలు కావాలో నిర్ణయించడం, 'మేక్'తో సంకలించడం, 'మేక్ ఇన్‌స్టాల్'తో ప్రతిష్ఠించడం. వీటిలో రెండవ మెట్టే మన చర్చకు కీలకం. పంపిణీదారు సిద్ధంచేసి ఇచ్చిన ప్యాకేజీని వాడేవారి తరఫున ఆ నిర్ణయాలు మరెవరో ముందే చేసి ఉంటారు.

బైట్లు, సంకేతాలు, అక్షరాలు:
1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. మరుసటి ఏడాది కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు, ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'అమలాపురం' అనే మాటలో అ, మ, ల, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్న – మొత్తం ఎనిమిది సంకేతాలు, అనగా 24 బైట్లు. ఆంగ్లంలో రాస్తే అదే పేరు 10 బైట్లు. బడిపిల్లవాడిని అడిగితే అయిదు అక్షరాలంటాడు. అతడే సరైనవాడు.

మైఎస్‌క్యూఎల్‌లో 4.1 కూర్పు వరకు యూనికోడ్ లేదు. ఆ తరువాత కూడా, 2018లో 8.0 వచ్చేదాకా, నిర్మాణ సమయంలో ప్రత్యేకంగా చెప్పకపోతే సహజ లిపిగా లాటిన్-1 ఉండేది. దాని వరుసక్రమం స్వీడిష్ భాషది. ఆ సంస్థ స్వీడన్‌లో పుట్టింది మరి. అటువంటి పట్టికలో 20 స్థానాల గడిలోకి మన మూడు పేర్లను యూటీఎఫ్-8 బైట్లుగా పంపితే ఏమవుతుంది? 18 బైట్ల 'రాజోలు' భద్రంగా ఉంటుంది. 'అమలాపురం' 'అమలాపు' దగ్గర తెగి, చివర విరిగిన రకారపు శకలం మిగులుతుంది. 'కొత్తపేట' 'కొత్తప'గా మారుతుంది. పాత కూర్పుల సహజ అమరికలో ఇది లోపంగా కాక హెచ్చరికగా మాత్రమే నమోదయ్యేది. కడకు ఏమి పోయిందో పాఠకుడికి తెలిసే దారి లేదు. తాళపత్రాన్ని చెద తింటే కనీసం రంధ్రం కనిపిస్తుంది.

అపాచీ 2.0తో వచ్చిన నమూనా అమరికలో మరొక చిక్కు ఉండేది. పుట ఏ లిపిలో ఉందో చెప్పే శీర్షికలో సర్వరే 'ఐఎస్‌వో-8859-1' అని ప్రకటించేది. పుటలో రచయిత యూటీఎఫ్-8 అని రాసుకున్నా బ్రౌజరు సర్వర్ మాటకే విలువనిస్తుంది. ఫలితంగా నిర్దుష్టమైన తెలుగు పుట యూరోపియన్ స్వరచిహ్నాల గుంపుగా కనిపించేది. దోషం ఫాంటుదని భావించి ఫాంటు మార్చినవారికి ఫలితం దక్కేది కాదు.

పీహెచ్‌పీ సంగతి మరింత ఆసక్తికరం. అందులోని మామూలు పొడవు ప్రమేయం బైట్లను లెక్కిస్తుంది: అమలాపురానికి 24. సంకేతాలను లెక్కించే 'ఎంబీస్ట్రింగ్' అంగాన్ని నిర్మాణ సమయంలో కోరి చేర్చుకోవాలి. అప్పుడు జవాబు 8. 2009లో 5.3 కూర్పుతో ప్రధాన పంపిణీలోకి వచ్చిన 'ఇంటెల్' అంగాన్ని చేర్చితేనే 5 వస్తుంది. అయితే కొత్తపేట విషయంలో ఇదీ చాలదు. 'త్త' సంయుక్తాన్ని యూనికోడ్ నియమాలు చాలాకాలం రెండు ముక్కలుగానే చూశాయి. అందువల్ల నాలుగక్షరాల కొత్తపేటకు యంత్రం అయిదు చెప్పేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 మాత్రమే తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాలను ఒకే ప్రమాణంగా గుర్తించింది. 'ఇంటెల్' ఈ జ్ఞానాన్ని ఐసీయూ అనే గ్రంథాలయం నుండి తెచ్చుకుంటుంది. నిర్మాణవేళ ఏ ఐసీయూతో ముడివేశారన్నదాన్ని బట్టి కొత్తపేట అక్షరాల సంఖ్య నిర్ణయమవుతుంది! ఛందోగణన, పదసూచికల వంటి పనులకు యంత్రాన్ని వాడే తెలుగు పరిశోధకుడికి ఇది సాంకేతికుల ఇంటి గొడవ కాదు. ఐసీయూ కూర్పును పేర్కొనని అక్షరగణన, ప్రతిని పేర్కొనని పాఠాంతరం వంటిదని నా అభిప్రాయం.

తెగిన తీగ:
2016 డిసెంబరులో రాజోలు ప్రాంతంలోని మోరి గ్రామాన్ని స్మార్ట్ విలేజ్‌గా ప్రారంభించి, ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్‌ను చేర్చే ప్రయత్నం జరిగింది. కోనసీమ అంతర్జాల చరిత్రలో అది ఒక మైలురాయి. అయితే ఆ తీగ ద్వారా వచ్చిన పుటల్లో అత్యధికం దూరాన ఉన్న యంత్రాల్లోనివే. 2022 మే 24న జిల్లా పేరుపై అమలాపురంలో చెలరేగిన హింస తరువాత మొబైల్ ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఆంక్షలు జూన్‌లోకీ కొనసాగాయి. గోదావరి పాయల నడుమ ఉన్న ఈ సీమకు సంబంధాలు తెగడం కొత్త కాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను చాలు సాక్ష్యానికి.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. కళాశాల ఆవరణలోని వైఫైపై స్థానికంగా నడిచే సర్వర్ బయటి తీగ తెగినా పాఠాలను, గ్రంథసూచిని అందిస్తూనే ఉంటుంది. అది పాడైతే బాగుచేయడానికి ప్యాకేజీల పద్ధతి సాధారణంగా మళ్లీ ఇంటర్నెట్‌నే కోరుతుంది. మూలసంకేతపు మూటలను ఆధార గ్రంథాలయాలతో సహా ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నవారు, కంపైలరు ఉన్న ఏ లినక్స్ యంత్రంపైనైనా తిరిగి నిర్మించుకోగలరు. అయితే భద్రతా సవరణల బాధ్యత కూడా వారిదే అవుతుంది. మూలసంకేత నిర్మాణంలో నిజమైన భారం ఇదే. కొత్త కూర్పు వచ్చిన ప్రతిసారీ మొదటి నుండి మళ్లీ సంకలించుకోవాలి.

లేఖకుడు ప్రతి చివర తన పేరు, తిథి, మాతృక వివరాలు రాసేవాడు. అపాచీ, పీహెచ్‌పీ నిర్మాణాలు కూడా 'కాన్ఫిగ్.నైస్' అనే చిన్న ఫైలును వదిలి వెళ్తాయి. ఏయే ఎంపికలతో నిర్మాణం జరిగిందో అందులో ఒక్కొక్క వరుసగా ఉంటుంది. మన పత్రికల, గ్రంథాలయాల సర్వర్లను మార్చేటప్పుడు పాత పుటలను నకలు తీసుకుంటున్నారు గాని ఈ ఫైలును దాచుకునే అలవాటు ఇంకా ఏర్పడలేదు.