తండా గోడ మీది పెట్టె చరిత్ర: 1.44 ఎంబీ ఫ్లాపీ నుంచి మన వైఫై దాకా

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఇందులో చరిత్రా ఉంది, చేతికొచ్చే పనీ ఉంది.

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల్లో, గూడేల్లో వైఫై పెట్టె ఇప్పుడు వింత వస్తువేం కాదు. నెట్ ఆగిపోతే మనకు తెలిసిన వైద్యం ఒక్కటే, ప్లగ్ పీకి మళ్లీ పెట్టడం. దానికీ లొంగకపోతే ఎవరో ఒకరు వచ్చి చూసేదాకా కూర్చోవడం. ఆ కూర్చున్న రెండు మూడు రోజుల్లోనే స్కాలర్‌షిప్ దరఖాస్తుకో, కౌన్సెలింగ్ ఆప్షన్లకో గడువు అయిపోతే పోయేది ఒక సినిమా కాదు, ఒక ఏడాది చదువు. ఆ పెట్టె లోపల ఏముందో, అది ఎవరి శ్రమతో తయారైందో తెలుసుకోవడం అందుకే మనకు అవసరం.

ముందు దారుల గురించి ఒక మాట. రైళ్లు రాకముందు దక్కనులో ఉప్పు, ధాన్యం ఊరి నుంచి ఊరికి చేరింది ఎక్కువగా లంబాడీల ఎడ్ల బిడారుల మీదే. ఏ కనుమలో నీళ్లు దొరుకుతాయి, ఏ వాగు ఎప్పుడు దాటాలి అనే లెక్కంతా వాళ్ల నోట్లోనే ఉండేది. తర్వాత రోడ్లు పడ్డాయి, రైళ్లొచ్చాయి. కొత్త దారుల మీద సరుకు నడిచింది గానీ, పాత దారులు తెలిసినవాళ్లకు అందులో చోటు దొరకలేదు. పైగా 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911లో మళ్లీ చేసిన చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. పల్నాడు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. ఎరుకల కుటుంబాల మీద ఆ ముద్ర ఎంత గట్టిగా పడిందో స్టువర్ట్‌పురం పేరు చెప్తే చాలు, ఎవరికైనా తెలుస్తుంది. 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. దీన్నుంచి మేము నేర్చుకున్నది ఒకటుంది. కొత్త దారి పడేటప్పుడు దాని పని తెలిసినవాళ్లు మనలో లేకపోతే, ఆ దారి మన ఇంటి ముందు నుంచే పోయినా మనది కాదు.

ఇప్పటి దారి నెట్. దాని తూము తలుపు గోడ మీది పెట్టె.

ఇలాంటి రౌటర్లలో చాలావాటి లోపల నడిచేది లినక్సే. కంప్యూటర్లో ఉండే పెద్ద లినక్స్ కాదు, బక్కచిక్కిన లినక్స్. దాని కథ 1995 ప్రాంతంలో ఒక ఫ్లాపీతో మొదలైంది. డెబియన్ అనే లినక్స్‌ను కంప్యూటర్లో ఎక్కించడానికి ఒకే ఒక ఫ్లాపీ సరిపోవాలని బ్రూస్ పెరెన్స్ అనుకున్నాడు. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. ఈ రోజు ఫోన్లో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. మామూలుగా లినక్స్‌లో ఒక్కో పనికి ఒక్కో ప్రోగ్రాం ఉంటుంది. ఆయన చాలా పనుల్ని ఒకే ప్రోగ్రాంలో కుదించి దానికి బిజీబాక్స్ అని పేరు పెట్టాడు. ఒకే మనిషిని ఇంట్లో అన్నా అని, బడిలో సారూ అని, పొలంలో మేస్త్రీ అని పిలుస్తాం కదా. ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తాడు. బిజీబాక్స్ కూడా అంతే. తర్వాత ఎరిక్ ఆండర్సన్ లాంటివాళ్లు దాన్ని చిన్న పరికరాలకు సరిపోయేట్టు పెంచారు.

అందులోని నెట్‌వర్క్ పనిముట్లు ఇంకా పాతవి. ఐఫ్‌కాన్ఫిగ్ 1983 నాటి బీఎస్‌డీ యూనిక్స్ నుంచి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మైక్ మూస్ పింగ్ రాశాడు. "ఉన్నావా?" అని కేకేసి, "ఉన్నా" అనే జవాబు ఎంతసేపటికి వచ్చిందో లెక్కపెట్టడమే దాని పని. 1999లో వచ్చిన లినక్స్ 2.2 కాలానికి అలెక్సీ కుజ్నెత్సోవ్ రాసిన ఐపీ అనే కమాండు వచ్చి ఐఫ్‌కాన్ఫిగ్, రూట్ రెండిటి పనీ తీసుకుంది. బిజీబాక్స్‌లో ఈ పాతా కొత్తా రెండూ చిన్న రూపంలో దొరుకుతాయి.

అడ్రస్ సంగతి కూడా చరిత్రే. ఐపీవీ4లో ఉన్న నంబర్లు మొత్తం సుమారు 430 కోట్లు. ప్రపంచానికి అవి చాలవని అప్పుడే అర్థమైంది. అందుకని 1996లో 192.168తో మొదలయ్యేవీ, ఇంకా రెండు వరుసలూ ఎవరింట్లో వాళ్లు వాడుకోవచ్చని ఒప్పందం చేశారు. మాచర్లలో మీ రౌటర్ 192.168.1.1, నరసరావుపేటలో మీ బాబాయి రౌటరూ 192.168.1.1 అయినా తగాదా రాదు. ఇంటి నంబర్లు బయటికి పోకుండా, అందరి తరఫునా రౌటరే తన బయటి నంబరుతో మాట్లాడుతుంది. ఇంట్లోవాళ్లకు ఈ నంబర్లు పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ, 1993లో మొదటిసారి ప్రకటించారు. 

ఇక 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగు రౌటర్ అమ్మకానికి పెట్టింది. అందులో లినక్స్ ఉందని 2003లో కొందరు ప్రోగ్రామర్లు కనిపెట్టారు. లినక్స్‌కు జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. దాని ప్రకారం ఈ సాఫ్ట్‌వేర్ పెట్టి వస్తువు అమ్మేవాళ్లు దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. గట్టిగా అడిగారు, ఆ ఏడాదే కోడ్ బయటికొచ్చింది. దాని మీద 2004లో మొదలైందే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. మొదటి మోడళ్లలో ఫ్లాష్ మెమరీ 4 ఎంబీ, ర్యామ్ 16 ఎంబీ. అంత ఇరుకులో ఒక ప్రపంచం పట్టించారు. 2007లో బిజీబాక్స్ రాసినవాళ్లు కోడ్ ఇవ్వని ఒక కంపెనీ మీద అమెరికాలో కేసు కూడా వేశారు. ఆ ఏడాదే అది రాజీకొచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ కోడ్ ఎవరో దయతో ఇచ్చింది కాదు. హక్కు అని రాసుకున్నారు, అడిగి తీసుకున్నారు.

మన వైపూ ఈ చరిత్ర నడిచింది. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో, ఐఐటీ కాన్పూర్ పరిశోధకుల తోడుతో, ఎత్తైన టవర్ల మీద వైఫై యాంటెనాలు పెట్టి ఊళ్లను కలిపింది. పక్కన తమిళనాడులో తేని దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రి, అమెరికా బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లతో కలిసి పల్లెల్లోని కంటి కేంద్రాల్ని లినక్స్ రౌటర్లతో ముడివేసింది. రోగి పల్లెలో, డాక్టరు ఊళ్లో, మధ్యలో వీడియో. అక్కడ వాళ్లను బాగా ఏడిపించింది కరెంటు. ఓల్టేజీ ఎగిరి బోర్డులు కాలిపోయేవి, రాస్తుండగా కరెంటు పోయి మెమరీ కార్డులు చెడిపోయేవి. అందుకని కార్డును చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా కట్టేశారు. కరెంటు కోతలున్న ఏ తండాకైనా పనికొచ్చే పాఠం అది. ఇంకో పాఠం కూడా అక్కడే తేలింది. దూరం నుంచి వచ్చే ఇంజనీరు కన్నా, నేర్చుకున్న స్థానిక సిబ్బందే నెట్‌వర్క్‌ను బతికించేది.

తర్వాత మన రాష్ట్రంలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ అన్నారు. దారి స్తంభాల దాకా వచ్చింది. స్తంభం నుంచి మన చేతిలోకి రావాల్సింది ఇక విద్యే.

ఆ విద్య సాగర్ కుడి కాలువ కింద వ్యవసాయం చూసినవాళ్లకు కష్టం కాదు. చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే ఏం చేస్తాం? తూము దగ్గర్నుంచి ఒక్కో చోటా చూసుకుంటూ పోతాం. ఇక్కడా అంతే. లినక్స్ పెట్టెలోకి వెళ్లి ఈ వరుసలో చూడండి.

ఒకటి, తూము. ఐపీ లింక్ అని కొట్టండి. నో క్యారియర్ అని వస్తే వైరే అందలేదు. ఇక సెట్టింగులు వెతకొద్దు, కేబుల్ చూడండి.

రెండు, సర్వే నంబరు. ఐపీ అడ్రస్ అని కొడితే నంబరు కనపడాలి. కంప్యూటర్లో 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం. బిజీబాక్స్ పెట్టెలో నంబరు అడిగే పనిముట్టు యూడీహెచ్‌సీపీసీ. దీనిలో ఒక మెలిక ఉంది. అది నంబరు తెస్తుంది గానీ తనే పెట్టదు, డిఫాల్ట్ స్క్రిప్ట్ అనే చిన్న ఫైలును పిలిచి దానితో పెట్టిస్తుంది. ఆ ఫైలు లేకపోయినా, దానికి నడిచే అనుమతి లేకపోయినా, లీజు వచ్చిందని కనపడుతుంది గానీ అడ్రస్ ఉండదు. చాలామంది తలపట్టుకునేది ఇక్కడే.

మూడు, కాలువ దారి. ఐపీ రూట్‌లో డిఫాల్ట్ అనే వరుస ఉండాలి. అది లేకపోతే ఇంట్లో తిరుగుతుంది గానీ ఊరు దాటదు.

నాలుగు, కేక. ముందు 192.168.1.1కు పింగ్, తర్వాత బయట 8.8.8.8కు పింగ్. ఇంట్లో పలికి బయట పలకకపోతే తప్పు రౌటర్ అవతల ఉంది.

ఐదు, పేరు. నంబరుకు పింగ్ పోయి వెబ్‌సైటు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ సంగతి. ఎన్ఎస్‌లుకప్‌తో అడగండి, రిజాల్వ్.కాన్ఫ్ ఫైలు చూడండి.

ఇలా ఐదు మెట్లు చూసి ఫోన్ చేస్తే, "నెట్ రావట్లేదండీ" అనే బదులు "మా రౌటర్ దాకా బాగుంది, మీ గేట్‌వే పలకట్లేదు" అని చెప్పగలం. అవతలివాళ్ల గొంతు మారుతుంది, చూస్కోండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఐపీ కమాండుతో పెట్టిన సెట్టింగు కరెంటు పోతే పోతుంది. నిలవాలంటే కాన్ఫిగ్ ఫైల్లో రాయాలి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అయితే యూసీఐతో మార్చి కమిట్ కొట్టాలి. అక్కడ అసలు సిస్టం రాయడానికి వీల్లేని పొరలో ఉంటుంది, మన మార్పులు దాని మీది పొరలో ఉంటాయి. రీసెట్ చేస్తే పై పొర చెరిగి మొదటికొస్తుంది. రెండోది, కనెక్షన్ ఇచ్చినవాళ్ల పెట్టె మీద ప్రయోగాలొద్దు, అది వాళ్ల ఆస్తి. నేర్చుకోవడానికి పాత రౌటర్ ఒకటి సంపాదించండి. దాని మోడలుకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉందో లేదో ముందే చూసుకోండి. ఇప్పటి వెర్షన్లకు కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ కావాలి.

డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది ఉద్యోగం కూడా. చిన్న పరికరాల్లో లినక్స్ నడిపే పని తెలిసినవాళ్లు కెమెరా కంపెనీలకూ కావాలి, మీటర్ల కంపెనీలకూ కావాలి. కానీ మేము ముందు అడిగేది అది కాదు. ప్రతి తండాకు, ప్రతి గూడేనికి, ప్రతి హాస్టల్‌కు ఈ ఐదు మెట్లు తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఆ ఒకరు ఇంకొకరికి నేర్పాలి. బిడారు దారులు మన పెద్దోళ్లు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒకరి వెనక ఒకరు నడిచి నేర్చుకున్నారు. ఈ దారీ అట్లాగే నేర్చుకుందాం.