టాటర్‌షాల్: కోట వేషంలోని ఇటుక ఇల్లు

ఇంగ్లండు తూర్పుభాగాన లింకన్‌షైర్‌లోని టాటర్‌షాల్ గ్రామంలో, పదమూడవ శతాబ్ది నాటి రాతికోట ఆవరణలోనే, రాల్ఫ్ క్రామ్‌వెల్ ప్రభువు 1430, 1440 దశకాలలో కట్టించిన ఎర్ర ఇటుకల బురుజు చూపులకు కోటే అయినా, దాని నిర్మాణాన్ని పరిశీలిస్తే నివాసగృహమనే తేలుతుంది. 1433 నుంచి 1443 వరకు ఆరవ హెన్రీ రాజుకు కోశాధిపతిగా ఉన్న క్రామ్‌వెల్‌కు రాయి కొనే స్తోమత లేక ఇటుకను ఎంచుకున్నాడని అనుకోలేం. కిటికీ చట్రాలకు, నిప్పుగూళ్ళకు ఆయన రాతినే వాడించాడు. జర్మనీ, ఫ్లాండర్స్ ప్రాంతాలలో అప్పటికే గౌరవం పొందిన ఇటుక కట్టడం ఇంగ్లండు ప్రభువర్గానికి కొత్త మోజు కావడమే ఈ ఎంపికకు ముఖ్య కారణంగా కనిపిస్తుంది. నిర్మాణపు లెక్కల్లో కనిపించే ఇటుకల పనివాడు బాల్డ్విన్ కూడా, పేరును బట్టి చూస్తే, సముద్రం దాటి వచ్చినవాడే.

వంద అడుగులకు పైగా లేచిన ఈ బురుజులో నేలమాళిగ మీద ఒక్కో అంతస్తుకు ఒక్కో పెద్ద గది ఉండగా, నాలుగు మూలల బురుజులలో మూడింటిలో చిన్న గదులు, నాలుగోదానిలో మెలికల మెట్లు అమరాయి. గోడల మందం శత్రువును ఆపడానికే ఉద్దేశించినదైతే దానిని తొలిచి నడవలు, చిన్న గదులు ఏర్పరచడంలో అర్థం లేదు. రెండవ అంతస్తులో అతిథులను ప్రభువు దర్శనానికి నడిపించే నడవకు ఇటుకలతోనే వంపు కప్పు వేశారు. పనివారి నైపుణ్యానికి ఆ కట్టడంలో ఇంతకు మించిన నిదర్శనం లేదు. పైభాగాన ముందుకు పొడుచుకువచ్చి, అడుగున ముట్టడిదారులపైకి రాళ్ళు జారవిడిచే రంధ్రాలున్న వసారాను నిర్మించినా, కింద పెద్ద పెద్ద కిటికీలు తెరిచాక ఆ రక్షణ ఏపాటిదో ఊహించవచ్చు. నిప్పుగూళ్ళ రాతిపై చెక్కించిన డబ్బుసంచి, కోశాధిపతి పదవికి చిహ్నంగా, యజమాని హోదాను దాపరికం లేకుండా చాటుతుంది.

తరువాతి శతాబ్దాలలో పాడుపడిన ఈ కట్టడం ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అమ్ముడుపోగా, నిప్పుగూళ్ళను ఊడదీసి విదేశానికి తరలించే ప్రయత్నం జరిగింది. బెంగాల్ విభజన వల్ల భారతీయుల ఆగ్రహానికి గురైనా, భారతదేశంలోని పురాతన కట్టడాల రక్షణకు 1904లో చట్టం తెచ్చిన మాజీ వైస్రాయ్ కర్జన్, 1911లో దీనిని కొని, నిప్పుగూళ్ళను తిరిగి రప్పించి, బురుజును బాగుచేయించాడు. ప్రాచీన కట్టడాలకు బ్రిటన్‌లో గట్టి రక్షణ కల్పించిన 1913 నాటి చట్టానికి ఈ ఉదంతం ఊతమిచ్చింది. 1925లో కర్జన్ మరణించినప్పుడు, ఆయన వీలునామా ప్రకారం బురుజు నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థకు చేరింది.