బంగారు గనులూ, న్యూట్రినో వేటా

విజ్ఞానశాస్త్ర చరిత్రను మనవాళ్ళు మహనీయుల పేర్ల జాబితాగా వ్రాస్తారు. పరికరాన్ని ఎక్కడ పెట్టారు, ఆ చోటును తవ్విందెవరు అన్న ప్రశ్న వారికి తట్టదు. న్యూట్రినో విషయంలో ఆ ప్రశ్న వెయ్యకపోతే సగం చరిత్ర పోతుందని నా వాదన.

న్యూట్రినోకు విద్యుదావేశం లేదు. భూగోళాన్ని సైతం దేన్నీ తాకకుండా దాటిపోగలదు. ఎప్పుడో ఒకటి పరమాణువును ఢీకొంటుంది. అది కనిపించాలంటే ఆకాశం నుంచి ఎడతెగక కురిసే ఇతర కణాలు చొరలేని లోతు కావాలి.

ఆ లోతు మనకు దూరాన లేదు. బంగారు గని అంటే మా ఎర్రమంచి ప్రాంతంలో ముందు రామగిరి గుర్తొస్తుంది. పెద్ద గని మాత్రం చిత్తూరు సరిహద్దుకు అవతల, కోలారులో వుండేది. 1880లో ఇంగ్లీషు జాన్ టేలర్ కంపెనీ అక్కడ కాలుపెట్టింది. తమిళ, తెలుగు, కన్నడ కూలీలు తరతరాలుగా మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగారు. కిందికి పోయేకొద్దీ రాయి కాగుతుంది. ఒత్తిడికి పగిలి మీద పడుతుంది. అలా ఎందరు పోయారో! 1956లో మైసూరు ప్రభుత్వం జాతీయం చేసేదాకా ఈ చెమట పండించిన లాభం సీమదొరలదే.

ఆ గనిలోనే, 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో బొంబాయి టాటా సంస్థ, ఒసాకా, డర్హం విశ్వవిద్యాలయాల వారు వాతావరణంలో పుట్టిన న్యూట్రినో జాడ పట్టారు. మీనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి అందులో వున్నారు. అదే ఏడు రైన్స్ బృందమూ పట్టింది, దక్షిణాఫ్రికాలో. అదీ బంగారు గనే, వర్ణవివక్ష రాజ్యంలో నల్లకూలీలు తవ్వింది. ఎవరు ముందన్న తగవు నాకు పట్టదు.

కోలారు పరికరం చూసింది మెరుపులను. 1977లో కార్లో రుబ్బియా ఇంకో దారి చూపాడు. సున్నాకు 186 డిగ్రీల దిగువన ఆర్గాన్ వాయువు ద్రవంగా వుంటుంది. ఆవేశమున్న కణం అందులో దూసుకుపోతే ఎలక్ట్రాన్లు విడివడతాయి. విద్యుత్ క్షేత్రం వాటిని తీగల వైపు లాగుతుంది. ఏ తీగకు ఎప్పుడు చేరాయో కూర్చితే కణం నడిచిన దారి ఫోటోలా తేలుతుంది. ఇటలీలో రహదారి సొరంగం పక్కన నెలకొల్పిన ఇకారస్ 2010లో పని మొదలుపెట్టి, ఈ పద్ధతి పెద్ద ఎత్తున సాధ్యమని చూపింది.

ఇప్పుడు అంతకంటె పెద్దది, డ్యూన్, అమెరికాలోని దక్షిణ డకోటాలో రూపొందుతున్నది. ఒక్కొక్క తొట్టికి 17 వేల టన్నుల ద్రవం. చోటు? మళ్ళీ మూతబడిన బంగారు గనే, హోమ్‌స్టేక్. 1868 ఒడంబడికలో లకోటా ఆదివాసులకు వదిలిన నేలమీద బంగారం కనబడగానే 1876లో మొదలైన గని అది. ఒకటిన్నర కిలోమీటరు లోతున ఆ తొట్లకు గుహలు కావాలని, 2024 ఆరంభానికి దాదాపు 8 లక్షల టన్నుల రాయి తవ్వి పైకి తెచ్చారు.

కోలారు గని 2001 ఫిబ్రవరి 28న మూతబడింది. 1965 నాటి పరిశోధనపత్రం మీద మూడు దేశాల శాస్త్రజ్ఞుల పేర్లున్నాయి. ఆ లోతు దాకా గనిని తవ్వినవారి పేరు ఒక్కటీ లేదు.