చెన్నపురిలో రెండు లయలు

ఉగాది సంచికలో అమెరికా డ్రమ్ముల ప్రసక్తి ఎందుకని మా పాఠకులు కొందరు అనుకోవచ్చును. మన ఇళ్లలో సంగీతమంటే త్యాగరాజస్వామివారి కీర్తన, లయ అంటే మృదంగం. జాజ్ అన్నది మన పెద్దల చెవికి ఒట్టి రొద. అయినను 1958లో, విళంబి నామ సంవత్సరపు వసంతంలో, మనం కాపురమున్న ఈ చెన్నపురిలోనే ఆ రెండు లయలు ఎదురెదురుగా కూర్చున్నవి. ఆ ముచ్చట మన పిల్లలకు తెలియవలెనని ఇక్కడ వ్రాస్తున్నాము.

అవి అమెరికాకు, సోవియట్ రష్యాకు ప్రచ్ఛన్నయుద్ధం సాగుతున్న రోజులు. పాటను కూడా రాయబారానికి పంపిన కాలం. అమెరికా విదేశాంగశాఖ ఆ ఏడు డేవ్ బ్రూబెక్ అనే పియానో విద్వాంసుని బృందాన్ని పోలండు, తుర్కీ, మన దేశం, సింహళం, పాకిస్తాను, ఆఫ్ఘనిస్తాను, ఇరాను, ఇరాకులకు పంపినది. బృందమంతా కలిసి నలుగురే. పియానో మీద బ్రూబెక్, శాక్సఫోను మీద పాల్ డెస్మండ్, బాస్ మీద యూజిన్ రైట్, డ్రమ్ముల మీద జో మొరెల్లో. వీరిలో రైట్ నల్లజాతివారు. ఆయన స్థానంలో తెల్లవానిని తీసుకొని రమ్మని 1960లో స్వదేశపు దక్షిణాది కళాశాలలు పట్టుపట్టగా, బ్రూబెక్ ఒప్పుకొనక ఎన్నో కచేరీలు వదులుకొన్నారు.

మొరెల్లో 1928లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో జన్మించినారు. పుట్టుకతోనే చూపు మందం. బాల్యంలో నేర్చినది వయొలిను. పదిహేనేళ్ల ప్రాయంలో యాషా హైఫెట్స్ వాద్యం విని, అంతటి నాదం తనకు పలకదని తలచి, ఆ వాద్యం విడిచి డ్రమ్ముల వైపు తిరిగినారు. బోస్టనులో ఆయన గురువు జార్జి లారెన్స్ స్టోన్. 1935లో ఆ గురువు వ్రాసిన పుల్లల సాధన పుస్తకం పాశ్చాత్య డ్రమ్మర్లకు సరళీవరుసల వంటిది. శిష్యుడు ఆ పాఠాలకు తనంతట తాను ఊనికలు చేర్చి వాయించగా గురువు ముచ్చటపడి, ఆ బాటనే 1961లో రెండవ పుస్తకం వెలువరించినారు. శిష్యుని వల్ల గురువు నేర్చుకొనుట మనకు మాత్రం కొత్తా?

జాజ్ డ్రమ్మరుకు కాళ్లూ చేతులూ నాలుగింటికీ పని ఉంటుంది. కుడిచేయి పెద్ద తాళపు బిళ్ల మీద నడక నడుపుతుంది. ఎడమచేయి చిన్న డ్రమ్ము మీద మాటకు మాట అందిస్తుంది. కుడికాలు పెద్ద డ్రమ్మును, ఎడమకాలు జంట తాళాలను తొక్కుతుంది. ఆ వాద్యంలో ఆనాటి వాడుక ఎక్కువగా నాలుగక్షరాల లెక్క. మన సూళాది సప్తతాళాలు అయిదు జాతులతో ముప్పదియైదు అవుతవి. అంతటి లెక్కల దేశానికి వచ్చినారు ఆ అతిథి.

మదరాసులో ఆయనతో కలిసి వాయించినవారు పళని సుబ్రహ్మణ్య పిళ్లై గారు (1908-1962). పుదుక్కోట సంప్రదాయపు మృదంగ విద్వాంసులు, కంజీరలోనూ దిట్ట. వీరిది ఎడమచేతి వాటం. వేదిక మీద మృదంగం గాయకుని కుడివైపున ఉండుట వాడుక. అప్పుడే కుడిమూత నాదం సభకు ఎదురుగా ఉంటుంది. ఎడమచేతి విద్వాంసుడు వస్తే వయొలిను వారు స్థానం మార్చుకోవలె. ఆ చిన్న ఇబ్బందిని మిషగా చేసుకొని తొలిరోజులలో ఆయనను పిలువ జంకినవారున్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ గారు ఆదరించి పక్కన కూర్చోబెట్టుకొన్నారు.

చూపు మందమైన ఒకరు, చేతివాటం వేరైన ఒకరు. ఒకరి వాద్యం పుల్లలతో పలికేది, ఒకరిది శ్రుతికి కట్టి వేళ్లతో పలికించేది. ఇద్దరూ చేయగలిగినది ఒక్కటే, చెవియొగ్గి వినుట. విన్నదాని ఫలం మొరెల్లోలో నిలిచినది. ఇంటికి తిరిగి వెళ్లినాక అదే ఏడు బృందం చేసిన రికార్డులో 'కలకత్తా బ్లూస్' అనే రచన ఉన్నది. అందులో ఆయన పుల్లలు పక్కన పెట్టి వేళ్లతో డ్రమ్ములు పలికించినారు.

1959 జూలై 1న రికార్డయిన 'టేక్ ఫైవ్' లోకమంతా ఎరిగినది. రచన డెస్మండుది, నడక అయిదక్షరాలది. మన ఖండచాపు రెండు మూడుగా విరిగితే, అది మూడు రెండుగా విరుగుతుంది. కనుక మన మృదంగమే దానికి తల్లి అని సభలలో చెప్పుకొనుట తగదు. అయిదక్షరాల లెక్కతో మొరెల్లో చేసే ప్రయోగాలు చూసియే బ్రూబెక్ ఆ రచన కోరినారు. అదే రికార్డులోని తొమ్మిదక్షరాల రచనకు ఇస్తాంబుల్ వీథి వాద్యకారులు ప్రేరణ. పొరుగువాని సొత్తు మనదనుకొనుట వల్ల మన గౌరవం పెరగదు.

అయితే ఒక పోలిక మాత్రం వినవలసినది. 'టేక్ ఫైవ్'లో డ్రమ్ములకు వంతు వచ్చినప్పుడు పియానో ఊరుకొనదు. అదే ముక్కను మళ్లీ మళ్లీ వాయిస్తూ లెక్క కాపాడుతుంది. ఆ ఆధారం మీద మొరెల్లో తొందరపడక, నడుమ నడుమ నిశ్శబ్దం విడుస్తూ తిరుగుతారు. మన తనిఆవర్తనంలో గాయకుడు చేతితో తాళం వేస్తూ చేసే సాయమే అది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చినది, మదరాసు రాలేదు. ఆ అతిథులు వచ్చేనాటికి అయిదేళ్లయినా నిండలేదు. ఇక్కడ ఆగిపోయిన మన పెద్దలకు తాము ఇంటివారో అతిథులో తేలని కాలమది. సొంత లెక్క తప్పకుండా ఎదుటివాని లెక్క వినుట వారికి సంగీతశాస్త్రం కాదు, దినచర్య. ఇంట తెలుగు, వీథిలో అరవం. ఈ రెంటినీ కలగనీయక, ఒకదానికొకటి అడ్డురానీయక నడిపినారు. 2011లో కన్నుమూసిన మొరెల్లోకు మన ఊసు తెలియకపోవచ్చును. మనకు ఆయన ఊసు తెలిసి ఉండుట మంచిది.

చివరగా ఒక మనవి. తనిఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచిపోవు అలవాటు మన సభికులలో పాతది. మేమూ అందుకు మినహాయింపు కాము. ఈ ఉగాది కచేరీలో మాత్రం కాఫీ కాసేపు ఆగుగాక. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, వారి చేత తాళం వేయించండి.