ఫ్రెండ్ ఇంట్లో ఒక రాత్రి: శంషాబాద్‌లో స్లీపోవర్ కంటే ముందు ఏముండేది?



పోయిన వారం మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ నడిచింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి శనివారం రాత్రికి నలుగురు ఫ్రెండ్స్‌ని ఇంట్లో ఉంచుకుంటానంది. స్లీపోవర్ అన్నమాట. మా అత్తమ్మ ఒకటే మాట అడిగింది: "పండుగ లేదు, పెండ్లి లేదు, పరాయోళ్ల పిల్లలు మనింట్ల ఎందుకు పండాలె?" నవ్వి ఊరుకుందామనుకున్నా. కానీ ఆలోచిస్తే ఇది అచ్చంగా చరిత్ర ప్రశ్న. మన దగ్గర పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు సొంతిల్లు కాని చోట రాత్రి ఎప్పుడు గడిపారు? ఎవరితో? ఎవరి పూచీ మీద? మేముండేది శంషాబాద్ కాబట్టి ఇక్కణ్ణుంచే చూద్దాం.

ఈ ఊరి పేరు పైగా అమీర్ల 'షంసుల్ ఉమ్రా' బిరుదు నుంచి వచ్చిందంటారు. కర్నూలు వైపు పోయే పాత రోడ్డు మీది ఊరు. ఎయిర్‌పోర్ట్ రాకముందు చుట్టూ జొన్న చేలు, కూరగాయల మళ్లు, ద్రాక్ష తోటలు. అలాంటి ఊళ్లలో మగపిల్లలకి రాత్రులు బయటే ఉండేవి. పంట గింజ పట్టిందంటే మంచె మీద కావలి, కోత అయ్యాక కల్లం దగ్గర కావలి. ఇంట్లో పెద్దాయనకి ఒంట్లో బాగాలేకపోతే కొడుకే దుప్పటి తీసుకుని పోయేవాడు, పక్క చేను పిల్లగాడు తోడొచ్చేవాడు. దాన్ని ఎవరూ పార్టీ అనలేదు, అది పని. కానీ ఆ రాత్రుల్లోనే కథలు, దయ్యాల ముచ్చట్లు, మక్కకంకులు కాల్చుకోవడం. హోలీకి ముందు వెన్నెల రోజుల్లో జాజిరి ఆటలు. పీర్ల పండుగకి అలావా గుండం చుట్టూ హిందువుల పిల్లలూ ముస్లింల పిల్లలూ కలిసి తెల్లవార్లూ ఎగరడం. చిందు భాగోతం వచ్చిందంటే ఊరు ఊరంతా చాప పట్టుకుని బయల్దేరేది, సగం మంది పిల్లలు అక్కడే నిద్రపోయేవాళ్లు.

ఆడపిల్లలకి ఇంత స్వేచ్ఛ లేదు, ఉందని చెప్తే అబద్ధం. వాళ్ల రాత్రులకి ఒక సందర్భం కావాలి, చుట్టూ పెద్దాడవాళ్లు ఉండాలి. పెళ్లివారిల్లు, శివరాత్రి జాగారం. కోస్తా వైపు అయితే అట్లతద్ది: ఆశ్వయుజ బహుళ తదియ నాడు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, చీకట్లోనే ఉయ్యాలలకి పరుగు. హైదరాబాద్ ముస్లిం ఇళ్లలో పెళ్లికి ముందు రత్‌జగా ఉంటుంది. రాత్రంతా ఆడవాళ్లు కూర్చుని ఢోలక్ వాయిస్తూ దక్కనీ పాటలు పాడతారు, వియ్యాలవారిని పాటల్లోనే ఉతికి ఆరేస్తారు. పదమూడేళ్ల పిల్ల ఆ మూల కూర్చుని ఎన్ని సంగతులు నేర్చుకుంటుందో! మాకు దగ్గర్లోనే, కొత్తూరు దాటాక జహంగీర్ పీర్ దర్గా ఉంది. అక్కడికి కందూరు చేయడానికి మతంతో పని లేకుండా కుటుంబాలు గిన్నెలు, చాపలు కట్టుకుని వెళ్తాయి.

ఇప్పుడు అసలు తేడా చెప్తాను. ఈ రాత్రుల్లో దేనికీ ఆహ్వానం లేదు. పిల్లల పూచీ ఒక ఇంటిది కాదు, ఊరిది లేదా చుట్టాలది. ఇంకోటి, దీన్ని దాచి చెప్పడం నాకు రాదు. గుండం చుట్టూ కలిసి ఎగిరినవాళ్లు ఎవరి వాడకి వాళ్లే వెళ్లి పడుకున్నారు. ఎవరింట్లో నీళ్లు తాగొచ్చు, ఎవరింట్లో గడప దాటొచ్చు అన్నది కులం చెప్పేది. అత్తమ్మ అన్న 'పరాయోళ్లు' అనే మాటలో అది కూడా కొంచెం ఉందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

చుట్టాలు కాని పిల్లలు ఒకే కప్పు కింద పడుకోవడం పెద్ద ఎత్తున మొదలైంది హాస్టళ్లలో. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. పల్లెల నుంచి చదువుకి వచ్చే పిల్లలకి పట్నంలో తలదాచుకునే చోటు లేదు కాబట్టి పెట్టారు. ఇలాంటివి కులాల పేరుతోనే మరికొన్ని వచ్చాయి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల తెరిచారు. పక్క పక్క మంచాల మీద వేరు వేరు కులాల పిల్లలు. నా లెక్కలో మన స్లీపోవర్‌కి అసలు తాత సర్వేల్, అమెరికా కాదు!

అమెరికా సంగతి క్లుప్తంగా చెప్తాను. 'స్లంబర్ పార్టీ' అనే మాట అక్కడ 1920ల నాటికే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత శివారు కాలనీల్లో అది మామూలైంది. పిల్లకి సొంత గది, ఫ్రెండ్ ఇల్లు నడిచిపోలేనంత దూరం, కారు లేనిదే కదలలేని ఊరు. ఈ మూడూ ఉన్నచోట స్లీపోవర్ పుడుతుంది. శంషాబాద్‌కి ఈ మూడూ ఎయిర్‌పోర్ట్‌తో వచ్చాయి.

2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభోత్సవం, 23 నుంచి విమానాలు. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. దాదాపు 5,500 ఎకరాలు పోయాయి, మంచెలు కట్టిన పొలాలూ అందులో ఉన్నాయి. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్‌కి 11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే, ఇటు ఔటర్ రింగ్ రోడ్డు. విల్లాలు, అపార్ట్‌మెంట్లు. ఊరికి రాత్రి అనేదే మారిపోయింది: రెండింటికి డ్యూటీ ఎక్కేవాళ్లు, మూడింటికి క్యాబ్. దుబాయ్ పోయే తమ్ముణ్ణి ఎక్కించడానికి జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో పదిమంది వస్తే ఇక్కడున్న చుట్టాలింట్లోనే పడక. హాల్లో వరుసగా పరుపులు, పిల్లలంతా ఒక మూల. మా అమ్మాయికి స్లీపోవర్ రుచి తగిలింది అక్కడే అని నా అనుమానం.

తర్వాత 2019 నవంబర్ 27. తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర స్కూటీ ఆపుకున్న ఒక యువ పశువైద్యురాలికి ఆ రాత్రి ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. ఆ వివరాల్లోకి వెళ్లను. డిసెంబర్ 6న నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోవడం, సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ వేయడం అదో పెద్ద కథ. ఇళ్లలో జరిగింది మాత్రం చిన్నగా, చప్పుడు లేకుండా జరిగింది. మా వైపు ఆడపిల్లల ట్యూషన్ టైములు ముందుకు జరిగాయి. రోడ్డు భద్రంగా లేకపోతే రోడ్డుని బాగుచేయాలి గానీ పిల్లని ఇంట్లో పెట్టి తాళం వేయడమేంటని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఒక విచిత్రం చూడండి, మా కాలనీలో స్లీపోవర్లకి ఒప్పుకున్న తల్లులు ఎక్కువమంది చెప్పే కారణం కూడా ఆ భయమే. బర్త్‌డే అయ్యేసరికి రాత్రి పదవుతుంది, ఆ టైములో క్యాబ్ ఎక్కించే కంటే పొద్దున దాకా ఉంచుకోండి అంటారు.

శనివారం పిల్లలొచ్చారు. తిండికి ముందే అత్తమ్మ నలుగురినీ సోఫాలో కూర్చోబెట్టి, "మీ అమ్మ నంబర్ చెప్పు బిడ్డా" అని ఒక్కొక్కరి తల్లికీ తనే ఫోన్ చేసింది. "మా ఇంట్లనే ఉన్నది, తిని పండుకుంటది, పొద్దుగాల తొమ్మిదింటికి మా కొడుకు దింపుతడు." నాలుగు ఫోన్లకీ అదే మాట. అర్ధరాత్రి దాటాక గదిలోంచి నవ్వులు వినపడుతుంటే వెళ్లి తలుపు తట్టబోయాను. అత్తమ్మ హాల్లోంచే, "ఉండనియ్, నిద్రొస్తే వాళ్లే పంటరు" అంది.