కాగితం మీది అనాథ

అనాథ అంటే మన భాషలో దిక్కు లేనివాడని అర్థం. తల్లీ తండ్రీ పోయినా మేనమామ సాకుతుంటే, అమ్మమ్మ అన్నం పెడుతుంటే, ఊళ్లో ఎవరూ ఆ పిల్లవాణ్ణి అనాథ అనరు. గణాంకాల భాష వేరు. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ తల్లినో తండ్రినో లేదా ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలందరినీ ఈ మాట కిందకే చేరుస్తుంది. 2015 నాటి అంచనాలో అలాంటి పిల్లలు ప్రపంచం మొత్తం మీద సుమారు 14 కోట్లు. వాళ్లలో ఇద్దరూ లేనివాళ్లు కోటిన్నర. తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఇల్లు కుదేలవుతుందని, అలాంటి పిల్లలకూ సాయం అందాలని ఎయిడ్స్ విజృంభించిన 1990లలో ఈ విశాలమైన నిర్వచనం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ విరాళాలు అడిగేవాళ్లు, పిల్లల కోసం ఎదురుచూసేవాళ్లు ఆ 14 కోట్లను ఇల్లు లేని పిల్లల సంఖ్యగా చదువుకున్నారు. దేశాంతర దత్తత చరిత్రను ఈ మాట వెంట నడిచి చూస్తే నాకు కనిపించేది ఇది: లోకంలో అనాథలు ఉన్నందువల్ల మాత్రమే ఈ వ్యవస్థ పెరగలేదు. బిడ్డ ఇల్లు వదిలితేనే సాయం దొరికే ఏర్పాటు వల్ల, ఇల్లున్న పిల్లలు చాలామంది కాగితం మీద అనాథలయ్యారు.

దత్తత మనకు కొత్త కాదు. అయితే మన పాత దత్తత బిడ్డ కోసం పుట్టింది కాదని ఒప్పుకోవాలి. వంశం నిలవాలి, పిండం పెట్టాలి, ఆస్తి పరాయిపాలు కాకూడదు. అందుకే కొడుకునే, అదీ దాయాదుల్లోనో దగ్గరి బంధువుల్లోనో చూసి తెచ్చుకునేవారు. దాన్ని ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అందులో ఇచ్చే చెయ్యి అందరికీ కనిపించేది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా బిడ్డను నిజంగా ఇవ్వడం, నిజంగా పుచ్చుకోవడం జరిగితేనే దత్తత చెల్లుతుందని 11వ సెక్షన్లో రాసుకుంది. హోమం జరగకపోయినా ఫరవాలేదు, ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం జరిగి తీరాలి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో సముద్రాలు దాటిన దత్తతలో మొదట మాయమైనది సరిగ్గా ఆ ఇచ్చే చెయ్యే.

దానికి ముందు పరదేశపు పిల్లలకు సాయమంటే ఎక్కువగా ఉన్నచోటికే తిండీ బట్టా పంపడం. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, ఓడిపోయిన దేశాల్లో ఆకలితో మాడుతున్న పిల్లల కోసం 1919లో ఎగ్లంటైన్ జెబ్ బ్రిటన్‌లో సేవ్ ద చిల్డ్రన్ స్థాపించింది. శత్రువు బిడ్డకు పాలు పంపడమేమిటని ఆనాడు ఆమెను తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆమె రాసిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. అనాథకు ఆశ్రయం ఇవ్వాలని అందులో ఉంది, ఎక్కడికో తీసుకుపోవాలని లేదు.

కొరియాలో దారి మళ్లింది. 1950 నుంచి 1953 దాకా సాగిన యుద్ధం ఆ దేశాన్ని నేలమట్టం చేసింది. విదేశీ దాతలు పిల్లలను ఎంచుకుని నెలనెలా కొన్ని డాలర్లు పంపే పద్ధతి అక్కడ విస్తరించింది. ఆ డబ్బు చేరేది ఆశ్రమాలకు. గుడిసెలో పస్తులున్న తల్లి దగ్గరి బిడ్డకు నెల డబ్బు రాదు, ఆ బిడ్డనే ఆశ్రమం గడప దాటిస్తే వస్తుంది. బతికించుకోవడానికే బిడ్డను అక్కడ వదిలిన తల్లులు చాలామంది. అమెరికా సైనికులకు కొరియా స్త్రీలకు పుట్టిన పిల్లల సంగతి ఇంకోలా ఉంది. రక్తశుద్ధిని నమ్మిన ఆ సమాజానికీ, అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ప్రభుత్వానికీ వాళ్లు కంటిలో నలుసు. వాళ్లను తండ్రుల దేశానికి పంపించేయడమే మొదటి దశ. 1955లో ఆరిగన్ రాష్ట్రపు రైతు హ్యారీ హోల్ట్, బెర్తా దంపతులు ఎనిమిదిమంది కొరియా పిల్లలను తెచ్చుకున్నారు. అంతమందిని తెచ్చుకోవడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు కాబట్టి అమెరికా కాంగ్రెస్ వాళ్లకోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. పత్రికలు ఆ కథను ఎత్తుకున్నాయి, మిగతా దంపతుల ఉత్తరాలు వెల్లువెత్తాయి, హోల్ట్ పేరున ఒక సంస్థ నిలబడింది. దంపతులు కొరియా వెళ్లకుండానే, వేరొకరు వాళ్ల తరఫున అక్కడి కోర్టులో దత్తత పూర్తిచేసే పద్ధతి కొన్నేళ్లు నడిచింది. వస్తువు తెప్పించుకున్నట్టు బిడ్డను తెప్పించుకోవడమేమిటని అమెరికాలోని శిశు సంక్షేమ నిపుణులే అప్పుడు అభ్యంతరం చెప్పారు.

యుద్ధపు గాయాలు మానాక ఈ ప్రవాహం ఆగాలి కదా? పెరిగింది. కొరియా ఓడలు కట్టి, కార్లు చేసి, ఆసియా పులి అనిపించుకున్న 1980లలోనే అది పతాకస్థాయికి చేరింది. 1985 ఒక్క సంవత్సరంలో దేశం దాటిన పిల్లలు 8,837 మంది. నా వాదనకు ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు. అప్పటికి ఆ పిల్లల్లో ఎక్కువమంది పెళ్లికాని తల్లుల బిడ్డలు. ఆ తల్లులకు సాయం చేయడానికి ప్రభుత్వం పైసా తీయనక్కర్లేదు, దత్తత సంస్థలు తీసుకుపోతాయి, పైగా విదేశీ మారకం వస్తుంది. అటు అమెరికా, ఐరోపాల్లో గర్భనిరోధక మాత్రలు, చట్టబద్ధమైన గర్భస్రావం, ఒంటరి తల్లులకు దొరికిన ఆసరా కలిసి అక్కడ దత్తతకు దొరికే శిశువుల సంఖ్యను తగ్గించాయి. కోరిక ఒక దేశంలో, బిడ్డ ఇంకో దేశంలో. మధ్యలో కావలసింది ఒక్క కాగితం. కొరియాలో అప్పట్లో కుటుంబ వివరాలు రాసే రిజిస్టరును హోజోక్ అనేవారు. దత్తతకు పంపే బిడ్డ పేరున విడిగా అనాథ హోజోక్ తెరిచేవారు. అందులో తల్లి గడి ఖాళీ, తండ్రి గడి ఖాళీ. పొత్తిళ్లలోని పసికందు తానొక్కతే ఉన్న కుటుంబానికి తానే పెద్ద. పక్క వీధిలో తల్లి బతికే ఉన్నా చట్టం దృష్టిలో ఆమె లేదు. అమెరికా వలస చట్టం అప్పట్లో అనాథకే వీసా ఇచ్చేది కాబట్టి ఆ కాగితం వీసాకు తాళంచెవి. 2025 మార్చిలో కొరియా సత్యశోధన, సయోధ్య కమిషన్ ఈ అన్యాయంలో ప్రభుత్వ బాధ్యతను అధికారికంగా తేల్చింది. తనకు అందిన 367 ఫిర్యాదుల్లో మొదటగా 56 మందిని బాధితులుగా గుర్తించింది. దొరికిన బిడ్డగా తప్పుడు నమోదు చేయడం, ఒక బిడ్డ చనిపోతేనో, కన్నవాళ్లు తీసుకుపోతేనో ఆ పేరుమీద ఇంకొక బిడ్డను విమానం ఎక్కించడం వంటివి బయటపడ్డాయి.

వియత్నాం, రొమేనియా చరిత్రలు పిల్లలను తీసుకుపోవాలన్న ఇదే తొందరను రెండు రకాలుగా చూపిస్తాయి. 1975 ఏప్రిల్లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోబోతుంటే అమెరికా ఆపరేషన్ బేబీలిఫ్ట్ పేరుతో రెండున్నర వేలకు పైగా పిల్లలను విమానాల్లో తరలించింది. ఏప్రిల్ 4న బయలుదేరిన మొదటి పెద్ద విమానం కూలి 78 మంది పిల్లలు చనిపోయారు. బతికి చేరినవాళ్లలో కొందరు తమకు అమ్మానాన్నలు ఉన్నారని వియత్నామీస్ తెలిసిన నర్సుకు చెప్పడంతో వ్యవహారం కాలిఫోర్నియాలో కోర్టుకెక్కింది. సామూహిక దావాగా అది నిలవలేదు. రొమేనియాలో నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాన్ని నిషేధించి, పెంచే స్తోమత లేని బిడ్డలను సర్కారు ఆశ్రమాలకు ఇమ్మన్నాడు. 1989లో అతను కూలేసరికి వాటిలో లక్షకు పైగా పిల్లలున్నారు, కన్నవాళ్లు బతికి ఉన్నవాళ్లే ఎక్కువ. టీవీల్లో ఆ మంచాలకు కట్టేసిన పిల్లలను చూసి పడమటి దంపతులు పరుగెత్తుకొచ్చారు. తీరా వచ్చాక కోరుకున్నది ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డలను. దాంతో దళారులు ఆశ్రమాలు వదిలి పల్లెల్లో పేద ఇళ్ల తలుపులు తట్టారు. ఏడాదిన్నరలో సుమారు పదివేల మంది పిల్లలు దేశం దాటాక 1991లో ప్రభుత్వం కళ్లు తెరిచి ఆపింది.

ఈ అనుభవాల నుంచే 1993 మే 29న హేగ్ ఒప్పందం వచ్చింది. స్వదేశంలో కుటుంబం దొరుకుతుందేమో చూశాకే విదేశీ దత్తత, దత్తత నుంచి అక్రమ లాభం పనికిరాదు అన్నవి దాని మూలసూత్రాలు. ఇక్కడ మన దేశం కాస్త గర్వపడవచ్చు, కాస్తే. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 1984 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. జస్టిస్ పి.ఎన్. భగవతి అందులో దాదాపు ఇవే సూత్రాలను హేగ్ కన్నా తొమ్మిదేళ్ల ముందే రాశారు. 1990లో కేంద్ర దత్తత సంస్థ కారా ఏర్పడింది. అయినా ఏమైంది? 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లోని ప్రైవేటు శిశు గృహాలపై దాడులు జరిగాయి. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడీ తండాల నుంచి దళారులు తెచ్చిన ఆడశిశువులు అక్కడ దొరికారు. కరువు నేల, వరకట్నం భయం, వరసగా పుట్టిన ఆడపిల్లలు, వీటి మధ్య నలిగిన తల్లి దగ్గరికి దళారి వెళ్లాడు. ఆమె చేతిలో పడింది స్వల్పం, సముద్రం అవతలి దంపతులు కట్టింది వేల డాలర్లు. తీర్పులో లోపం లేదు, కారాలో ఫైళ్లు సక్రమంగానే ఉన్నాయి. బిడ్డను వదులుకుంటున్నట్టు పత్రం ఉంటే చాలనుకున్న చోట ఆ పత్రం తయారైంది. పేదరికాన్ని కారణంగా చూపే అలాంటి వదులుబాటు పత్రాలను అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిలిపివేయడం నా దృష్టిలో సరైన చోట కొట్టిన దెబ్బ.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మోసం జరిగిందని తలుపులు మూసేస్తే ఆశ్రమంలో మిగిలిన బిడ్డ గతేమిటి? ఆశ్రమాల పెంపకం పిల్లల మెదడుకే చేటు అని రుజువైంది కదా? నిజమే. బుకరెస్ట్‌లో 2000 తర్వాత 136 మంది పిల్లలతో మొదలైన అధ్యయనం ఆ చేటును కొలిచి చూపించింది. రెండేళ్ల వయసులోపు కుటుంబంలోకి వెళ్లినవాళ్లు బాగా తేరుకున్నారనీ చెప్పింది. అయితే ఆ పిల్లలు వెళ్లిన కుటుంబాలు ఎక్కడివి? రొమేనియావే, జీతం, శిక్షణ ఇచ్చి సిద్ధం చేసిన పెంపుడు కుటుంబాలు. బిడ్డకు కుటుంబం కావాలన్నది ఆ అధ్యయనం తేల్చిన సత్యం, పరదేశపు కుటుంబమే కావాలని కాదు. మరో అభ్యంతరం: పేద తండా కన్నా అమెరికాలోని మినసోటా బిడ్డకు మేలు కాదా? చాలామంది దత్తపిల్లలు ప్రేమ మధ్య పెరిగారు, ఆ తల్లిదండ్రుల్లో అత్యధికులకు మోసం సంగతే తెలియదు. వాళ్లను దోషులుగా నిలబెట్టడం అన్యాయం. కానీ ఈ తర్కాన్ని ఒప్పుకుంటే ప్రతి పేద బిడ్డా ఏదో ఒక ధనిక ఇంటికి చెందుతుంది. ఆ మేలు కూడా అనుకున్నంత పక్కాగా లేదు. పెంచినవాళ్లు పౌరసత్వపు దరఖాస్తు పెట్టకపోవడంతో, 2000 నాటి అమెరికా చట్టం అప్పటికే పద్దెనిమిది దాటినవాళ్లను వదిలేయడంతో, భాష కూడా రాని కొరియాకు తిప్పిపంపబడ్డ నడివయసు దత్తులు ఉన్నారు. అదీ ఒక కాగితం లేకనే. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గుతాను. మన దేశంలో దత్తతకు పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవాళ్లు 30,000 దాటినా ప్రత్యేక అవసరాలున్న పిల్లలను కోరేవాళ్లు అరుదు. వాళ్లకు దొరుకుతున్న ఇళ్లలో ఎక్కువ భాగం విదేశాల్లోవే. అక్కడ తలుపు మూస్తే బిడ్డే నష్టపోతుంది, మన సిగ్గు అలాగే ఉంటుంది.

2004లో సుమారు 23,000 మంది పిల్లలను తెచ్చుకున్న అమెరికాకు 2023లో వచ్చినవాళ్లు 1,300 మందికి లోపే. ఇథియోపియా 2018లో విదేశీ దత్తత ఆపింది, లక్షన్నరకు పైగా పిల్లలను పంపిన చైనా 2024లో ముగించింది. దాంతో కథ అయిపోలేదు, డబ్బు దారి మార్చుకుంది. కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అనాథలు పెరిగి కాదు. అక్కడి పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో ఉన్నారు. పెరిగింది పర్యాటకులు, విదేశీ విరాళాలు. బిడ్డ దేశం దాటదు, దాతే ఎదురొస్తాడు. మిగతా లెక్క కొరియాదే. మన దగ్గర కోవిడ్ కాలంలో అనాథ శిశువులను దత్తత తీసుకోండంటూ వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి, అది నేరమని ప్రభుత్వాలు చెప్పాల్సి వచ్చింది. 2022 జనవరిలో జాతీయ బాలల హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్కలో 2020 ఏప్రిల్ నుంచి తల్లినో తండ్రినో లేదా ఇద్దరినీ కోల్పోయిన పిల్లలు, విడిచిపెట్టబడ్డ కొద్దిమందితో కలిపి, 1,47,492 మంది. అందులో ఇద్దరినీ కోల్పోయినవాళ్లు 10,094. తల్లో తండ్రో మిగిలినవాళ్లు 1,36,910. వాళ్లకు కావలసింది ఫీజు, బియ్యం, అద్దె. ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో పది లక్షల రూపాయలు డిపాజిట్ చేస్తానన్నప్పుడు, దాని చాలీచాలనితనం మాట ఎలా ఉన్నా, డబ్బు బిడ్డను ఇంట్లోంచి లాగకుండా బిడ్డ ఉన్న ఇంటివైపు నడిచింది. వంద డాలర్లు ఆశ్రమానికి వెళ్లాలా, అమ్మమ్మకు వెళ్లాలా అన్నదే దాత వేసుకోవలసిన ప్రశ్న. అమ్మమ్మ ఫోటో కరపత్రం మీద అంత బాగా పండదన్నది వేరే సంగతి.

కొరియా 2020 నుంచి విదేశాల్లోని తన రాయబార కార్యాలయాల్లోనే దత్తుల డీఎన్‌ఏ నమూనాలు తీసుకుంటోంది. నలభై, యాభై ఏళ్లవాళ్లు వచ్చి లాలాజలం ఇచ్చి వెళుతున్నారు. అది ఒక్కటే చాలదు. కొరియాలో ఇప్పుడు ముసలితనంలో ఉన్న ఒక స్త్రీ కూడా పోలీసు స్టేషనుకు వెళ్లి తన నమూనా ఇవ్వాలి. హోజోక్‌లో ఖాళీగా వదిలిన గడి ఆమెదే. చాలామంది ఆ బిడ్డ సంగతి తర్వాత పెళ్లాడిన భర్తకూ, కన్న పిల్లలకూ చెప్పలేదు.